అరిగిన టైప్‌రైటర్ అక్షరాలు డిజైన్‌లో సహజంగా కనిపించాలంటే: మొదటి అడుగు నుంచి ప్రింటు దాకా

"టైప్‌రైటర్ ఫాంట్ డౌన్‌లోడ్ చేశాను, టైటిల్ పెట్టాను, వెనక పాత కాగితం బొమ్మ కూడా వేశాను. అయినా కంప్యూటర్‌లో చేసినట్టే ఉంది, ఎందుకని?" డిజైన్ నేర్చుకుంటున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఫైలు తెప్పించుకుని చూస్తే దాదాపు ప్రతిసారీ ఒకటే తప్పు. అక్షరం మీద మురికి ఉంటుంది, ఆ మురికికి కారణం ఉండదు.

అసలు మెషిన్ మీద ఏ లోపమూ ఊరికే రాదు. అచ్చులో (అక్షరం చెక్కిన లోహపు ముక్కలో) దుమ్ము పేరుకుంటే ఒక రకంగా, ఇంకు పూసిన రిబ్బన్ అరిగితే ఇంకో రకంగా, చిటికెన వేలు గట్టిగా నొక్కకపోతే మరో రకంగా పడుతుంది. ఆ కారణాలు తెలిస్తే ఎక్కడ ఎంత చెరపాలో మీకే తెలుస్తుంది. తెలియకపోతే ఎన్ని టెక్స్చర్లు వేసినా అతికినట్టుండదు.

చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుని నడుద్దాం: ఒక షార్ట్ ఫిల్మ్. అందులో 1968 నాటి ఆఫీసు బదిలీ ఉత్తరం ఒకటి కెమెరాకు దగ్గరగా కనిపించాలి, ఉత్తరం ఇంగ్లిష్‌లో ఉంటుంది. అదే సినిమాకు తెలుగు టైటిల్ కూడా టైపు కొట్టినట్టే రావాలి.

## 1. కంప్యూటర్ తెరవకముందు

ఒక కాగితం తీసుకుని ఈ నాలుగింటికీ జవాబులు రాయండి.

- ఇది ఏ కాలం నాటిది?
- ఎవరు టైపు చేశారు? రోజంతా అదే పని చేసే టైపిస్టా, రెండు వేళ్లతో కొట్టే మనిషా?
- మెషిన్ ఎలా ఉంది? కొత్తదా, సర్వీసింగ్ లేక మూలపడ్డదా?
- చూసేవాళ్ల చేతికి వచ్చింది ఏది? ఒరిజినలా, కార్బన్ కాపీనా, జిరాక్సా?

మన ఉత్తరానికి నేను రాసుకునేది ఇలా ఉంటుంది: 1968, అనుభవం ఉన్న ఆఫీసు టైపిస్టు, బాగా వాడిన మెషిన్, సగం అరిగిన రిబ్బన్, ఒరిజినల్ కాపీ. ఈ ఒక్క వాక్యం తర్వాతి పనంతా నడిపిస్తుంది. ఉదాహరణకు, టైపిస్టుకు అనుభవం ఉంది కాబట్టి కొట్టివేతలు దాదాపు ఉండవు. వరుసలు నీటుగా ఉంటాయి. లోపాలన్నీ మెషిన్‌వి, మనిషివి కావు.

నాలుగో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఒరిజినల్‌లో అక్షరం అంచు గట్టిగా ఉంటుంది, లోపల ఇంకు హెచ్చుతగ్గులుగా ఉంటుంది. కార్బన్ కాపీలో అంచే మెత్తబడి చెదిరినట్టుంటుంది. జిరాక్స్‌లో బూడిదరంగు పోయి నలుపు తెలుపే మిగులుతాయి, ఖాళీ చోట్ల చిన్న చుక్కలు వస్తాయి. ఈ మూడూ ఒకే అక్షరం మీద కలిపితే కన్ను వెంటనే పసిగడుతుంది.

## 2. ఏ లోపం ఎక్కడి నుంచి వస్తుంది

ఈ భాగాన్ని తొందరపడకుండా చదవండి, మిగతా పనంతా దీని మీదే నిలబడుతుంది.

టైప్‌రైటర్ లోపాలు రెండు జాతులు. అచ్చు లోపం ప్రతిసారీ ఒకేలా వస్తుంది. ఇంకు లోపం ఏ రెండుసార్లూ ఒకేలా రాదు.

ఇంగ్లిష్ 'ఈ' అక్షరం లోహపు అచ్చు అంచు కొంచెం విరిగిందనుకోండి. పేజీలో ఆ అక్షరం వందసార్లు వస్తే వందసార్లూ అదే చోట విరిగి కనిపిస్తుంది. ఆ అచ్చు కాడ కాస్త వంగితే ఆ అక్షరం ఎప్పుడూ ఒకే పక్కకు, ఒకే కొలతలో ఒరుగుతుంది. పాత దస్తావేజుల పరిశీలకులు ఏ కాగితం ఏ మెషిన్‌ది అని గుర్తుపట్టేది కూడా ఇలాంటి గుర్తులతోనే.

ఇంకు సంగతి వేరు. గుడ్డ రిబ్బన్ ప్రతి దెబ్బకూ కొంచెం జరుగుతుంది, వేలి బలం మారుతుంది. ఒక చోట 'ఈ' నల్లగా పడితే, పక్కనే ఇంకో 'ఈ' పాలిపోయి ఉంటుంది.

మార్కెట్లో దొరికే చాలా ఉచిత ఫాంట్లు సరిగ్గా దీన్ని తారుమారు చేస్తాయి. ఇంకు మరకను ఫాంట్‌లోనే బిగించేస్తాయి. కాబట్టి ప్రతి 'ఈ'కీ ఒకే మరక. పక్కపక్కన రెండు 'ఓ'లు వచ్చే పదంలో ఈ దొంగతనం బయటపడుతుంది.

మిగతా కారణాలు:

- పూడిపోయిన కన్నాలు. 'ఈ', 'ఏ', 'ఓ' లాంటి మూసిన అక్షరాల అచ్చుల్లో దుమ్ము, ఇంకు పేరుకుని కన్నం నల్లగా పడుతుంది. ఇది అచ్చు లోపం, మళ్లీ మళ్లీ రావాలి.
- ఎగిరిన పెద్ద అక్షరాలు. షిఫ్ట్ సరిగా కూర్చోకపోతే పెద్ద అక్షరాలన్నీ వరుసకు కొంచెం పైనో కిందో పడతాయి. ఒకటి పైకి ఒకటి కిందకి కాదు, అన్నీ ఒకే వైపు.
- బలంగా దిగే చుక్క, కామా. దెబ్బ అంతే, తగిలే చోటు చిన్నది. అందుకే ఫుల్‌స్టాప్ అక్షరాలకంటే నల్లగా ఉంటుంది, ఒక్కోసారి కాగితానికి చిల్లు కూడా పడుతుంది.
- చిటికెన వేలు అక్షరాలు. 'ఏ', 'క్యూ', 'జెడ్', 'పీ' చిటికెన వేళ్ల కిందికి వస్తాయి. చేతి మెషిన్ మీద ఇవి కాస్త లేతగా పడతాయి. ఎలక్ట్రిక్ మెషిన్‌లో దెబ్బ మోటారుది కాబట్టి ఈ తేడా ఉండదు.
- అరిగిన రిబ్బన్. పేజీ అంతా లేతబడుతుంది, అక్షరం లోపల గుడ్డ నేత జాడ కనిపిస్తుంది.
- ఎరుపు నలుపు రిబ్బన్. సర్దుబాటు తప్పితే నల్ల అక్షరాల కింది అంచున సన్నటి ఎరుపు తగులుతుంది. అందంగా ఉంటుంది, అయితే పేజీకి ఒకటి రెండు వరుసల్లో చాలు.

మన ఉత్తరానికి నేను తీసుకునేవి నాలుగే: 'ఈ' కన్నం పూడటం, పెద్ద అక్షరాలు కిందకు దిగడం, ఒక్క అక్షరం ఎప్పుడూ ఒరగడం, ఇంకు హెచ్చుతగ్గులు. నాలుగు దాటితే తగ్గించండి.

## 3. ఫాంట్ ఎంచుకోవడం

స్పెషల్ ఎలైట్. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, అపాచీ లైసెన్సు కాబట్టి వ్యాపార పనులకూ వాడుకోవచ్చు. ముందే అరిగినట్టు ఉంటుంది. టైటిల్‌కు, చిన్న క్యాప్షన్లకు బాగుంటుంది. పేజీ నిండా వాడితే ఒకే మరక పదేపదే కనిపిస్తుంది.

కోరియర్ ప్రైమ్. 2013లో వచ్చింది, ఓపెన్ ఫాంట్ లైసెన్సు. శుభ్రంగా ఉంటుంది. అరుగుదల మీరే తెప్పించాలనుకుంటే ఇదే సరైన పునాది. పేజీ నిండా టైపు కనిపించే పనులన్నిటికీ నేను దీంతోనే మొదలుపెడతాను.

క్యూటివ్ మోనో. ఇదీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. గీతలు సన్నగా ఉంటాయి కాబట్టి ఇంకు చెరిపితే త్వరగా విరిగిపోతుంది. శుభ్రంగా వాడితేనే మంచిది.

ట్రిక్సీ. ఎరిక్ వాన్ బ్లాక్‌లాండ్ 1991లో చేసిన ఫాంట్. డబ్బు పెట్టి కొనాలి. తర్వాత వచ్చిన హెచ్‌డీ వెర్షన్‌లో ఒక్కో అక్షరానికి ఒకటికి మించిన రూపాలు ఉంటాయి కాబట్టి మరక పునరావృతం కాదు. బడ్జెట్ ఉంటే ఇది కొనడం వల్ల చాలా పని తగ్గుతుంది.

అమెరికన్ టైప్‌రైటర్. పేరు చూసి మోసపోవద్దు. 1974లో ఐటీసీ (ఇంటర్నేషనల్ టైప్‌ఫేస్ కార్పొరేషన్) కోసం చేసిన ఈ ఫాంట్‌లో అక్షరాల వెడల్పులు సమానం కావు. లోగోకు, కేఫ్ మెనూకు బాగుంటుంది. ఉత్తరం కోసం మాత్రం వద్దు. 'ఐ', 'ఎమ్' రెండూ ఒకే వెడల్పు తీసుకోవడమే టైప్‌రైటర్ అచ్చుకు మొదటి గుర్తు.

దించుకునే ముందు ఇవి చూడండి:

- లైసెన్సు "సొంత వాడకానికి మాత్రమే" అని ఉందా? ఉంటే క్లయింటు పనిలో వాడకూడదు.
- అంకెలు, బ్రాకెట్లు, ఏటవాలు గీత అన్నీ ఉన్నాయా? చాలా ఉచిత ఫాంట్లలో సగమే ఉంటాయి.
- 72 పాయింట్లకు పెంచి చూడండి. అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తే తక్కువ రిజల్యూషన్ స్కాన్ నుంచి గీసిందన్నమాట. పోస్టర్‌కు పనికిరాదు.
- చిన్న 'ఎల్', అంకె ఒకటి, సున్నా, పెద్ద 'ఓ' పక్కపక్కన పెట్టి తేడా తెలుస్తుందో లేదో చూడండి.

## 4. టెక్స్ట్‌ను టైపిస్టులా సిద్ధం చేయడం

అరగదీసేది తర్వాత. ముందు పేజీ కూర్పు సరిగ్గా ఉండాలి. కూర్పు సరిగ్గా ఉంటే ఏ మరకా లేకుండానే సగం పని అయిపోతుంది.

కొలతలు. పైకా మెషిన్ అంగుళానికి 10 అక్షరాలు కొడుతుంది, ఎలైట్ మెషిన్ 12. కోరియర్ 12 పాయింట్లలో పెడితే సరిగ్గా పైకా వస్తుంది, 10 పాయింట్లలో పెడితే ఎలైట్. మామూలుగా వరుసలు అంగుళానికి 6, అంటే వరుస దూరం 12 పాయింట్లు. డబుల్ స్పేసింగ్ అయితే 24. ఈ మధ్యలో 14.4 లాంటి సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్ ఉంచేస్తే కన్ను పట్టేస్తుంది, ఎందుకో చెప్పలేకపోయినా సరే.

ఆపాల్సినవి. కెర్నింగ్ (అక్షరాల జంటల మధ్య దూరం సర్దడం), లిగేచర్లు (రెండు అక్షరాలు కలిసిన రూపాలు), వంకర కొటేషన్ గుర్తులు, ఆటోమేటిక్ హైఫన్, రెండు వైపులా సమంగా సర్దడం. ఇవన్నీ ఆపేయండి. ఎడమ అంచు నిటారుగా, కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉండాలి.

టైపిస్టు అలవాట్లు. మెషిన్‌లో బోల్డ్ లేదు, ఇటాలిక్ లేదు. నొక్కి చెప్పాలంటే కింద గీత కొట్టేవాళ్లు, లేదా అన్నీ పెద్ద అక్షరాలు వాడేవాళ్లు. పొడుగు గీతకు రెండు హైఫన్లు. ఫుల్‌స్టాప్ తర్వాత రెండు ఖాళీలు. పేరా మొదట ఐదు ఖాళీలు. చాలా మెషిన్లలో అంకె ఒకటి ఉండేదే కాదు, చిన్న 'ఎల్' కొట్టేవాళ్లు.

మన ఆఫీసు ఉత్తరాల్లో ఇంకొన్ని: పేజీ నంబరుకు రెండు పక్కలా జంట ఏటవాలు గీతలు, డబ్బు మొత్తం తర్వాత ఏటవాలు గీత, చిన్న గీత (/-), అడుగున నకలు ఎవరెవరికి పంపారో జాబితా.

కాలానికి సరిపోయేలా. రూపాయి గుర్తు (₹) 2010లో వచ్చింది. పిన్‌కోడ్ 1972లో వచ్చింది. 1968 ఉత్తరంలో ఈ రెండూ ఉండకూడదు. నేను మొదట్లో చేసిన ఒక ప్రాప్ (షూటింగ్‌లో వాడే వస్తువు) ఉత్తరంలో అడ్రసు కింద పిన్‌కోడ్ పెట్టేశాను. షూటింగ్ అయ్యాక ఎడిటింగ్‌లో గమనించాం, ఆ షాట్ మళ్లీ తీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి తేదీ, అడ్రసు, డబ్బు, ఫోన్ నంబరు, ఈ నాలుగింటినీ వేరేగా సరిచూసుకున్నాకే ముందుకు వెళ్తాను.

## 5. అరగదీయడం: ఈ వరుసలోనే

వరుస మారితే ఫలితం మారుతుంది. కాగితం మీద ఇంకు పడిన వరుసలోనే మనమూ వెళ్తున్నాం: అచ్చు, దెబ్బ, ఇంకు, కాగితం.

5.1 అచ్చు లోపాలు. ఇది టెక్స్ట్ ఇంకా టైపు చేయగలిగే స్థితిలో ఉండగానే చేయాలి. ఇన్‌డిజైన్‌లో గ్రెప్ స్టైల్ (మీరు చెప్పిన అక్షరానికి దానంతట అదే ఫార్మాట్ వేసేది) పెట్టి, ఒక అక్షరం ఎక్కడ వచ్చినా బేస్‌లైన్ 0.3 పాయింట్లు పైకి వెళ్లేలా చేయొచ్చు. పెద్ద అక్షరాలన్నీ 0.4 కిందకు. వర్డ్ మాత్రమే ఉన్నా ఫర్వాలేదు. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో పెద్ద చిన్న అక్షరాల తేడా పాటించే ఆప్షన్ పెట్టి, ఆ అక్షరాన్ని 0.5 పాయింట్లు పైకి లేపిన ఫార్మాట్‌తో మార్చేయండి. పేజీ మొత్తం ఒక్క క్లిక్‌లో అవుతుంది.

ఈ కొలతలు 12 పాయింట్లకు. టైటిల్ 60 పాయింట్లయితే అదే నిష్పత్తిలో పెంచండి, అంటే 1.5 నుంచి 2 పాయింట్లు. ఐదు శాతం దాటితే పిల్లల బొమ్మల పుస్తకంలా గెంతుతున్నట్టు కనిపిస్తుంది.

5.2 ఇంకు పరుచుకోవడం. ఇప్పుడు పేజీని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) బొమ్మగా మార్చండి. ఏ4 అయితే 4960 × 7016 పిక్సెళ్లు. ఫొటోషాప్, గింప్, బ్రౌజర్‌లో నడిచే ఫొటోపియా, ఏదైనా సరే.

మసకబరిచే గాసియన్ బ్లర్ ఫిల్టర్ 2 నుంచి 3 పిక్సెళ్లు ఇవ్వండి. తర్వాత లెవెల్స్ (నలుపు తెలుపుల హద్దులు సర్దే ప్యానెల్) తెరిచి నలుపు, తెలుపు స్లైడర్లను దగ్గరకు తీసుకురండి. మూలలు గుండ్రబడతాయి, గీతలు కలిసే చోట ఇంకు నిండినట్టు వస్తుంది. స్లైడర్లు 160, 200 దగ్గర పెడితే అక్షరం లావెక్కుతుంది, కొత్త రిబ్బన్‌లా. 60, 100 దగ్గర పెడితే సన్నబడుతుంది, ఎండిన రిబ్బన్‌లా. ఈ ఒక్క అడుగు మిగతా అన్నిటికంటే ఎక్కువ తేడా తెస్తుంది. ఇక్కడే ఆగిపోయినా చాలా పనులకు చాలు.

5.3 ఇంకు హెచ్చుతగ్గులు. టెక్స్ట్ లేయర్‌కు మాస్క్ (లేయర్‌లో కొంత భాగాన్ని దాచే పొర) పెట్టండి. అందులో రెండు రకాల తేడా కావాలి. పెద్ద తేడా కోసం మబ్బుల్లాంటి మచ్చలు వేసే క్లౌడ్స్ ఫిల్టర్ వేసి కాంట్రాస్ట్ బాగా తగ్గించండి, వరుసలో కొన్ని పదాలు లేతబడతాయి. చిన్న తేడా కోసం గుడ్డ స్కాన్ వాడండి. కాటన్ రుమాలు స్కానర్ మీద పరిస్తే చాలు, నేత దొరుకుతుంది. దాన్ని అక్షరాల సైజుకు తగ్గట్టు చిన్నదిగా చేసి మాస్క్‌లో కలపండి.

తర్వాత మెత్తని బ్రష్ తీసుకుని, చిటికెన వేలు అక్షరాలను అక్కడక్కడా లేతగా, ఫుల్‌స్టాప్‌లను పూర్తి నల్లగా చేయండి. ఒక పేజీకి పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ పదిహేను నిమిషాలు తప్పక ఇవ్వండి.

5.4 రంగు. తెర మీద చూపించేదానికి స్వచ్ఛమైన నలుపు వద్దు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు 43, 42, 45 లాంటి ముదురు బూడిద వాడండి. లేయర్‌ను కింది కాగితంతో రంగు కలిపే మల్టిప్లై మోడ్‌లో పెడితే కాగితం గరుకు అక్షరం లోంచి కనిపిస్తుంది.

5.5 కాగితం, చివర్లో. మొత్తం టెక్స్ట్ బ్లాకును 0.3 నుంచి 0.5 డిగ్రీలు తిప్పండి. రోలర్‌లో కాగితం అంత నిటారుగా ఎప్పుడూ కూర్చోదు. కాగితం మడత, పసుపు అంచు, పంచింగ్ రంధ్రం, ఇవి అవసరమైతేనే. కాఫీ మరక గుండ్రం మాత్రం దయచేసి వద్దు. అది చూడగానే ఇంటర్నెట్‌లో తెచ్చిన బొమ్మ అని అందరికీ తెలిసిపోతుంది.

## 6. తెలుగు అక్షరాలతో చేయాలంటే

ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. పైన చెప్పిన ఫాంట్లలో దేనిలోనూ తెలుగు లేదు. స్పెషల్ ఎలైట్ ఎంచుకుని తెలుగులో టైపు చేస్తే సాఫ్ట్‌వేర్ మీకు చెప్పకుండానే వేరే ఫాంట్ తెచ్చి పెడుతుంది. విండోస్‌లో నిర్మలా యూఐ, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో. ఇంగ్లిష్ పాత మెషిన్‌లా, తెలుగు కొత్త ఫోన్‌లా కనిపించడానికి కారణం అదే.

కాబట్టి తెలుగును మనమే అరగదీయాలి. దానికి తెలుగు మెషిన్ ఎలా కొట్టేదో గుర్తుపెట్టుకోవాలి. ఉన్న కొద్ది కీలలో మన గుణింతాలు, వత్తులు అన్నీ పట్టవు. అందుకే అక్షరాన్ని ముక్కలుగా కొట్టేవాళ్లు: ఒంటి అక్షరం ఒక దెబ్బ, తలకట్టు ఇంకో దెబ్బ, వత్తు మరో దెబ్బ. కొన్ని కీలకు క్యారేజ్ అసలు జరగదు. అందువల్ల తెలుగు టైపులో అసలైన లోపం మరక కాదు, అతుకు. తలకట్టు అక్షరానికి సరిగ్గా అంటదు. గుడి కాస్త పక్కకు ఉంటుంది. రెండు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడిన చోట నలుపు చిక్కగా ఉంటుంది.

ఇది పట్టుకుంటే మీ తెలుగు టైటిల్ వెంటనే ప్రాణం పోసుకుంటుంది. చేసే పద్ధతి:

1. గీత మందం అంతటా సమానంగా ఉన్న ఫాంట్ తీసుకోండి. మండలి, ఎన్‌టీఆర్, నోటో సాన్స్ తెలుగు పనికొస్తాయి. రామభద్ర లాంటి లావు ఫాంట్లు, కలంతో రాసినట్టు లావు సన్నం మారేవి వద్దు.
2. ఫొటోషాప్‌లో (పాత వెర్షన్లలో) తెలుగు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్. ఇది చేయకుండా ముందుకెళ్తే వత్తులు తప్పు చోట పడతాయి.
3. స్పెల్లింగ్ ఇంకొకరి చేత చూపించండి. తర్వాతి అడుగులో టెక్స్ట్ బొమ్మగా మారిపోతుంది, దిద్దడం కష్టం.
4. టెక్స్ట్‌ను అవుట్‌లైన్లుగా (టైపు చేయలేని గీతల ఆకారాలుగా) మార్చండి. ఇంక్‌స్కేప్‌లోనైనా ఇల్లస్ట్రేటర్‌లోనైనా సరే. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు కలిసి ఉన్న చోట కత్తిరించి వేరు చేయండి.
5. తలకట్లన్నిటినీ ఒకే వైపు, ఒకే కొలత జరపండి. అది ఒకే అచ్చు కదా. అక్షరం ఎత్తులో రెండు మూడు శాతం చాలు.
6. వత్తులను ఒకటి రెండు చోట్ల మాత్రమే అటూ ఇటూ కదపండి.
7. ఒక్కో అక్షరం తీసుకునే వెడల్పును దాదాపు సమానం చేయండి. సన్నటి అక్షరాలకు ఇరుపక్కలా ఖాళీ ఎక్కువ కనిపించాలి.
8. ఇప్పుడు 5.2 నుంచి మొదలుపెట్టండి. అతుకుల దగ్గర ఇంకు దానంతట అదే నిండుతుంది.

"క్ష", "జ్ఞ", "స్త్రీ" లాంటి సంయుక్తాలు టైటిల్‌లో ఉంటే వాటిని ముందు చేయండి. అవి చదవగలిగేలా ఉంటే మిగతావన్నీ ఉంటాయి. పాఠకుడు అక్షరం పోల్చుకోలేకపోతే ఆ అతుకును వెనక్కి సర్దండి. చదవగలగడమే ముందు, పాతదనం తర్వాత.

## 7. చేత్తో చేసే పద్ధతి

తెర మీద చేసినదానికంటే ఇదే నాకు ఇష్టం. తక్కువ సమయం, ఎక్కువ నిజం.

శుభ్రమైన కోరియర్ ప్రైమ్‌లో కూర్చిన పేజీని (5.1 అయ్యాక) గరుకు కాగితం మీద లేజర్ ప్రింటు తీయండి. కాగితాన్ని నలిపి, విప్పి, అక్షరాల మీద వేలితో రుద్దండి. టోనర్ కొన్ని చోట్ల రాలుతుంది. దాన్ని జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌ను మళ్లీ జిరాక్స్ తీయండి. రెండు సార్లు చాలు. తర్వాత 600 డీపీఐలో గ్రేస్కేల్‌గా స్కాన్ చేసి లెవెల్స్ సర్దండి. వెక్టర్ (ఎంత పెంచినా చెదరని గీతల బొమ్మ) కావాలంటే ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్.

ప్రాప్ ఉత్తరమైతే స్కాన్ కూడా అక్కర్లేదు. ప్రింటు తీసి, కొన్ని ఫుల్‌స్టాప్‌ల మీద సన్నని సూదితో వెనక్కి అచ్చు పడేలా నొక్కండి. పక్కనుంచి లైటు పడినప్పుడు కెమెరాలో ఆ గుంటలు కనిపిస్తాయి.

ఇంట్లోనో తెలిసినవాళ్ల దగ్గరో పాత మెషిన్ ఉంటే ఇక ఆలోచించకండి. ఒక్క పేజీలో అన్ని అక్షరాలు, అంకెలు మూడేసిసార్లు కొట్టి స్కాన్ చేసి దాచుకోండి. ఎన్నో ఏళ్ల పనికి సరిపడా సరుకు అది.

## 8. ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

పుస్తకం కవర్, సినిమా టైటిల్, అధ్యాయం పేరు, ఫొటో కింద తేదీ, ప్రదర్శనలో లేబుల్ లాంటివాటికి బాగుంటుంది. పొడవైన వ్యాసానికి, ధరల పట్టికకు, ఫోన్ నంబరుకు, మందుల వివరాలకు, ఫారాలకు వద్దు. అరిగిన అక్షరం 10 పాయింట్ల కంటే చిన్నగా ఎప్పుడూ పెట్టకండి.

పక్కన ఇంకో ఫాంట్ కావాలంటే శుభ్రమైనది ఒక్కటే పెట్టండి. రెండూ అరిగినవైతే ఏదీ ముందుకు రాదు.

## 9. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే దారి

ఒకే మరక మళ్లీ మళ్లీ. ఫాంట్‌లో ప్రత్యామ్నాయ రూపాలున్నాయేమో ఓపెన్‌టైప్ ప్యానెల్‌లో చూడండి. లేకపోతే టైటిల్‌ను అవుట్‌లైన్ చేసి జంట అక్షరాల్లో ఒకదాని మరక పూడ్చండి.

అంచులను గరుకు చేసే రఫెన్ ఎఫెక్ట్‌తో అంచులు రంపంలా రావడం. ఆ ఎఫెక్ట్ అక్షరం చుట్టూ ఒకే తీరున ముళ్లు లేపుతుంది. దాన్ని తీసేసి 5.2 చేయండి.

నకిలీ బోల్డ్. అరిగిన ఫాంట్‌కు బోల్డ్ బటన్ నొక్కితే మరకలన్నీ పూడిపోయి ముద్దవుతుంది. బలం కావాలంటే సైజు పెంచండి, లేదా మెషిన్ మీద చేసినట్టు అదే పదం మీద ఇంకోసారి కొట్టండి: లేయర్‌ను కాపీ చేసి 0.3 పాయింట్లు పక్కకు జరపండి.

నల్ల నేపథ్యం మీద తెల్ల టైపు. సినిమా టైటిల్‌కు తప్పదు. తెల్ల అక్షరాలతో మొదలుపెట్టకండి. నలుపు మీద తెలుపు అయ్యే పనిని కూడా తెల్ల కాగితం, నల్ల ఇంకుతో పూర్తి చేసి చివర్లో ఇన్వర్ట్ (నలుపు తెలుపులు తారుమారు) చేయండి. అంచుల సహజత్వం నిలుస్తుంది.

కొట్టివేతలు అతిగా. మనుషులు తప్పు కొట్టేది పదం మధ్యలో, తొందరలో. అందంగా ఒక పదం మొత్తాన్ని ఎంచుకుని కొట్టివేయరు. ఒకటి రెండు అక్షరాలు తప్పు కొట్టి, వాటి మీద 'ఎక్స్'లు వేసి, వెంటనే సరైన పదం కొనసాగించినట్టు చూపండి.

## 10. పంపే ముందు

ఆఫ్‌సెట్ ప్రింటుకు. అక్షరాలను బూడిద షేడ్‌గా పంపితే ప్రెస్‌లో అవి చుక్కలుగా విడిపోయి చిన్న టైపు మసకబారుతుంది. టెక్స్ట్‌ను నలుపు తెలుపు మాత్రమే ఉండే 1200 డీపీఐ బిట్‌మ్యాప్‌గా మార్చి, నూరు శాతం నలుపు ఒక్క ఇంకులోనే ఉంచండి. అరుగుదల అంతా ఇంకు ఉన్న చోటు, ఇంకు లేని చోటుగానే ఉంటుంది. ఆర్ట్ పేపర్ మెరుపు ఈ అక్షరాలకు నప్పదు, మెరుపు లేని మ్యాప్లితో కాగితం అడగండి.

ఇంకో మాట. ఒక కథల పుస్తకం కవర్‌కు టైటిల్ చుట్టూ నేను ఉంచిన సన్నటి చుక్కలను ప్రెస్‌వాళ్లు ప్లేటు మీద మురికి అనుకుని శుభ్రం చేసేశారు. వెయ్యి కాపీలు వచ్చాక చూశాను. ఇప్పుడు ప్రతి ఫైలుతో ఒక ప్రింటు నమూనా పంపి, దాని మీద "చుక్కలు డిజైన్‌లో భాగం, తీయవద్దు" అని పెన్నుతో రాస్తాను.

స్క్రీన్ ప్రింటింగ్, స్టిక్కర్ కటింగ్. సన్న చుక్కలు మెష్‌లో (ఇంకు దిగే జల్లెడ గుడ్డలో) నిలవవు. కటింగ్ మెషిన్ ప్రతి చుక్క చుట్టూ బ్లేడు తిప్పుతుంది, గంటలు పడుతుంది. ఈ పనులకు 5.2 దాకా చేసి ఆపేయండి.

వెబ్‌సైటుకు. అరిగిన ఫాంట్లలో గీతల బిందువులు చాలా ఎక్కువ, ఫైలు బరువు. వాడే అక్షరాలను మాత్రమే ఉంచి సబ్‌సెట్ చేయండి. తెలుగుకు వేరే ఫాంట్ పేరు స్పష్టంగా ఇవ్వండి, బ్రౌజర్ ఇష్టానికి వదలకండి. తెలుగు టైటిల్ బొమ్మగా పెడితే, దానికి ప్రత్యామ్నాయ పాఠం తప్పక రాయండి. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో వినేది అదే.

వీడియోకు. టైపు అవుతున్నట్టు యానిమేషన్ పెడితే తెలుగులో పెద్ద చిక్కు వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఒక్కో యూనికోడ్ గుర్తును విడిగా చూపించి, ముందు "క్" తర్వాత "క్ష" అన్నట్టు గెంతిస్తుంది. రెడీమేడ్ ఎఫెక్ట్ వాడకుండా ఒక్కో అక్షరాన్ని ఒక్కో లేయరుగా చేసి వరుసగా తెరవండి. వేగం లెక్క ఇది: నిమిషానికి 40 పదాలు కొట్టే టైపిస్టు సెకనుకు మూడు దెబ్బలకు పైగా కొడతారు. సెకనుకు 24 ఫ్రేములైతే దెబ్బకు సుమారు 7 ఫ్రేములు. అన్నీ 7 పెట్టకండి, 5 నుంచి 10 మధ్య మారుస్తూ ఉండండి. వరుస చివర క్యారేజ్ వెనక్కి లాగడానికి ఒక సెకను ఆగండి.

ఫైలు మూసే ముందు చివరి పరిశీలన:

- ఒకే అక్షరం మూడు చోట్ల చూశారా? ఆకారం ఒకటే, ఇంకు వేరు అయి ఉండాలి.
- పెద్ద అక్షరాలన్నీ ఒకే వైపు జరిగాయా?
- వరుస దూరం 12 లేదా 24 పాయింట్లేనా?
- తేదీ, అడ్రసు, డబ్బు, ఫోన్ నంబరు ఆ కాలానివేనా?
- తెలుగులో వత్తులన్నీ సరైన అక్షరం కిందే ఉన్నాయా?
- అసలు సైజులో ప్రింటు తీసి, చేయి చాచిన దూరంలో పట్టుకుని చదివారా?
- డిజైన్‌తో సంబంధం లేని ఒకరికి ఇచ్చి పైకి చదివించారా? వాళ్లు ఆగిన ప్రతి చోటా ఇంకు కొంచెం తిరిగి నింపండి.
- టైపు చేయగలిగే మూల ఫైలును, బొమ్మగా మార్చిన ఫైలును వేర్వేరు పేర్లతో దాచారా? క్లయింటు తేదీ మార్చమని అడిగినప్పుడు మీరు తెరవాల్సింది మొదటిది.